పక్క బెంచీ జవాబు

హన్మకొండలో సాయంత్రం కాలేజీ. కరెంటు పోయింది.
సెల్‌ఫోన్ టార్చీ వెలుగులో
బోర్డు మీద రోము నేల కింద ఒక గుహ గీశాను.
గుహలో ఎద్దు,
ఎద్దు వీపున మోకాలు మోపి కత్తి దూసిన కుర్రాడు.
పేరు మిత్ర.

"మిత్రాయ నమః అనుకుంట మా తాత
పొద్దున్నే సూర్యునికి మొక్కుతడు మేడం.
గాయననేనా?"
ఐలేష్ అడిగాడు, చివరి బెంచీ నుంచి.

పేరు ఆయనదే.
మనిషి ఆయనేనా అన్నది
పండితులు ఇంకా తెంపలేదు, అన్నాను.

రాయిని చీల్చుకొని పుట్టాడట.
ఈ ఊళ్లో అదేం వింత కాదు గనక ఎవరూ తల ఎత్తలేదు.
పద్మాక్షి గుట్ట మీద
జైనులు చెక్కిన మూర్తుల పక్కనుంచే
బతుకమ్మలు ఎత్తుకొని దిగి వస్తాం మేము.
ఎవరి రాయి, ఎవరి దేవుడు
అని గుట్ట ఏనాడూ అడిగింది లేదు.

గుహలో సిపాయిలు పక్కకు ఒరిగి కూర్చొని
రొట్టె పంచుకునేవాళ్లు. ఒకే గిన్నె చేతులు మారేది.
నుదుట ఒక గుర్తు.
లోపల చూసింది బయట చెప్పొద్దు.
ఇది చెప్తుంటే నా చెయ్యి దానంతట అదే
నుదుటికి పోయింది:
విభూతి బుధవారం పొద్దున ఫాదర్ పెట్టిన బూడిద
చెమటకు కరిగి కనుబొమ్మ దాకా దిగి ఉంది.

ఏడు మెట్లు వాళ్లకు.
కాకితో మొదలు, సిపాయి మీదుగా, సింహం మీదుగా,
పై మెట్టు పేరు తండ్రి.
మా తాత జోజయ్యకు కాజీపేట లోకో షెడ్డులో నాలుగే:
క్లీనరు, రెండో ఫైర్‌మన్, మొదటి ఫైర్‌మన్, డ్రైవరు.
మూడో మెట్టు మీదే రిటైరయ్యాడు.
నిప్పు ముందు ముప్పై ఏళ్లు నిలబడ్డ మనిషి
ఆదివారం దివ్యసత్ప్రసాదం ముందు
గోళ్లలో బొగ్గు కనపడకుండా పిడికిలి ముడిచేవాడు.

"గట్లయితె మనోళ్లే కాపీ కొట్టిన్రా మేడం?"

నవ్వారు పిల్లలు. నాకు నవ్వు రాలేదు.
పదిహేనేళ్లుగా ఇన్విజిలేషన్ చేస్తున్నాను.
పక్కపక్క బెంచీల్లో ఒకటే జవాబు,
ఒకటే కొట్టివేత.
ఎవరు ఎవరి పేపరు చూశారో
ఏ ఒక్కసారీ రూఢిగా చెప్పలేకపోయాను.
ఆ కాలపు క్రైస్తవ పెద్ద ఒకాయన మాత్రం చెప్పాడు:
సైతాను మన రొట్టెను దొంగిలించి
అక్కడ పెట్టాడని.
పట్టుబడ్డ పిల్లాడు కూడా మొదట
పక్కవాడి మీదే చెప్తాడు.

నానమ్మను అడిగితే తేలేది.
జ్ఞానస్నానానికి ముందు లచ్చవ్వ, తర్వాత ఆరోగ్యమ్మ.
చిన్నప్పుడు మేడారంలో
చిలకలగుట్ట దిగి తల్లి వస్తుంటే చూసిందట.
గుట్ట మీద ఏం జరిగిందో
చూసినోళ్లు చెప్పరు, చెప్పేటోళ్లు చూడలే, అనేది.
అక్కడ బంగారం అంటే బెల్లం. అదొక ముక్క,
ఇక్కడ నాలుక మీద అప్పం ఒక తునక.
"గది తియ్యగుంటది, ఇది సప్పగుంటది.
రెంటికీ కండ్లు మూసుకునుడే బిడ్డా."

కరెంటు వచ్చింది. ఫ్యాను తిరిగింది.
బోర్డు మీద గుహ, నేను గీసిన దానికన్నా చిన్నగా ఉంది.
అందులో ఒక్క ఆడమనిషి లేదు.
వాళ్లు రానివ్వలేదు.
ఖాళీ సమాధి సంగతి మాత్రం
మొదట ఆడవాళ్లే మోసుకొచ్చారు,
ఎవరూ నమ్మకపోయినా.
తేడా ఇక్కడుంది, రాసుకోండి,
అనబోయి ఆగాను.

మా గుడిలో బలిపీఠం మెట్లు
ప్రతి శనివారం కడిగేది నేనే.
పూజ మొదలైనాక
ఆ మెట్ల మీద నేను నిలబడింది లేదు.

"ఇది పరీక్షల వస్తదా మేడం?"
వస్తుంది, అన్నాను.
ఎన్ని మార్కులకో చెప్పలేదు.